సాయిలు రాయని వ్యాసం

మా నాన్న అడిగిన మాట

వరంగల్ చౌరస్తా దగ్గర మాది స్టీలు సామాన్ల దుకాణం. నేను ఒక పరిశోధన పత్రికలో సంపాదకత్వం చేయడానికి చేరానని చెప్పిన రోజున మా నాన్న బిందె తుడవడం ఆపి అడిగాడు.

"ఎవరో రాసింది నువ్వు దిద్దుతవు. దిద్దినంక వాళ్ల పేరే వేస్తరు. మల్ల వాళ్లే నీ మీద కోపానికొస్తరు. ఇదేం బేరం బిడ్డా?"

ఈ వృత్తి గురించి ఇంతకంటే కచ్చితంగా చెప్పినవారిని ఆ తర్వాత నేను చూడలేదు. ఉద్యోగ విరమణ చేశాక, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నాలుగు మాటలు రాయమన్నారు. నా ప్రమోషన్ల సంగతి రాయను. మా ఆఫీసులో ఉన్నవే కొద్ది కుర్చీలు, ఎవరైనా లేస్తే తప్ప ఇంకొకరికి చోటు లేదు. ప్రూఫుల గుర్తులు, కామాలు ఎక్కడ పెట్టాలి అన్నవి పుస్తకాల్లో దొరుకుతాయి. నేను రాసేది ఒక్క ఫెలోషిప్ గురించి. నా సర్వీసు మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్నదీ, ఎక్కువ నవ్వుకున్నదీ ఆ ఏడాదే.

మా పత్రిక హన్మకొండ నుంచి తెలుగులో వచ్చే త్రైమాసికం. సమాజం, చరిత్ర, ఊళ్లు, వృత్తులు, వీటి మీద పరిశోధన వ్యాసాలు వేస్తాం. ఒక వ్యాసం రాగానే ఒక సంపాదకుడు దాని బాధ్యత తీసుకుంటాడు. రచయిత పేరు తీసేసి ఇద్దరు నిపుణులకు పంపుతాడు. వాళ్లు ఏమన్నారో చూసి, తన అభిప్రాయం కలిపి, వేసుకోవాలా, తిప్పి పంపాలా అని నిర్ణయిస్తాడు. చెప్పడానికి ఇంతే. కానీ ఈ "నిర్ణయిస్తాడు" అన్న మాట దగ్గరే లోకంలోని రాజకీయమంతా ఉంది.

మా సంపాదకవర్గాన్ని చూస్తే ఆ సంగతి తెలిసిపోయేది. అందరూ ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. వారిలో ముగ్గురు ఒకే ఇంటి అల్లుళ్లు, ఆ ఇల్లు మా ప్రధాన సంపాదకులది. సమావేశం పెడితే పండుగ భోజనంలా ఉండేది. కూలి పని గురించి, తండాల గురించి, సంతల గురించి వ్యాసాలు వచ్చేవి. వాటిని చదివి అవునో కాదో చెప్పేవారిలో ఒక్కరు కూడా ఆ ఇళ్లలో పుట్టినవారు కారు.

అందుకే ఒక ఫెలోషిప్ పెడదామని నేను ప్రతిపాదించాను. ఇంట్లో మొదటిసారి పరిశోధన దాకా చదువుకున్నవాళ్లు, ఇలాంటి ఆఫీసుల గుమ్మం ఎక్కనివాళ్లు ఏడాదిపాటు మా దగ్గర సంపాదకులుగా పనిచేయాలి. మా ప్రధాన సంపాదకులు ప్రొఫెసర్ నరహరి సార్ ఒప్పుకున్నారు. అయితే మనసు పూర్తిగా లేదు. "ఏడాది చూద్దాం. మంచిగ లేకపోతే కమిటీల పెట్టి ఆపేద్దాం," అన్నారు.

శాలువాల కాలం

అలా వచ్చిన మొదటి ఫెలో స్వరూప. నెక్కొండ దగ్గర ఊరు. అమ్మానాన్నలు పత్తిచేలలో కూలికి పోతారు. వారసంతల మీద పీహెచ్‌డీ చేసింది. మాట సూటిగా ఉండేది. పొద్దున రైల్లో వచ్చేది, సాయంత్రం రైల్లో పోయేది.

ఆమెను తీసుకున్నాక ఏం చేయాలో మా వాళ్లెవరికీ తెలియలేదు. తెలియనప్పుడు మన దేశంలో శాలువా కప్పుతారు. బయటి ఊరి నుంచి ఏ పెద్దమనిషి వచ్చినా నరహరి సార్ స్వరూపను పిలిచేవారు. "ఈమె మా ఫెలో, కూలీల బిడ్డ," అని పరిచయం చేసేవారు. వచ్చినాయన కళ్లు చెమర్చేవి. శాలువా కప్పేవాడు. ఫోటో తీసేవారు. వచ్చినాయన పోయేవాడు. స్వరూప తన కుర్చీకి వెళ్లి కూర్చునేది. కుర్చీ ముందున్న టేబుల్ మీద ఒక్క కాగితం ఉండేది కాదు.

ఒకరోజు ఆమె నా గదిలోకి వచ్చింది.

"మేడం, మా అమ్మ అడుగుతాంది, నీది నౌకరా, బట్టల దుకాణమా అని."

"శాలువాలన్నీ ఏం చేస్తున్నవ్?"

"చుట్టాలకు ఇచ్చిన. కూలర్‌కు కప్పిన. ఇంక మిగిలితే మా బర్రెకు గూడ కప్పిన్రు. దానికి సన్మానం జరిగినట్టే ఉన్నది, గేటు కాడికి వచ్చి నిలబడ్తాంది." నవ్వి, తర్వాత నవ్వు ఆపింది. "నాకు వ్యాసం ఎప్పుడిస్తరు మేడం?"

శాలువా ఇచ్చినవాళ్లెవరూ వ్యాసం ఇవ్వలేదు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే: మిమ్మల్ని ఎవరైనా పదే పదే వేదిక ఎక్కిస్తుంటే, కిందికి దిగి మీ టేబుల్ మీద పనేమైనా ఉందేమో చూసుకోండి.

నేను నరహరి సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డ మనిషి కాదు. పెద్ద చదువరి. ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా తన బీరువాలోంచి తీసి ఇచ్చేవారు. కానీ ఏ అభిప్రాయమైనా ఒకసారి ఏర్పడితే దానికి గోడ కట్టి గేటు వేసేవారు.

"వ్యాసం ఇద్దును గాని వసుంధరమ్మా," అన్నారు. "ఈ పిల్లలకు జాలి ఎక్కువ. పల్లెటూరి పేరు కనపడితే సాలు, పాపం అనుకుంట పాస్ చేస్తరు. పత్రిక ఏమైతది?"

"పట్నం పేర్లు చూసి మనం పాస్ చేసినవి లేవా సార్?"

"అది వేరే ముచ్చట," అన్నారు. ఎందుకు వేరేనో చెప్పలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, "సరే, కొత్తగ ఏదన్నా వస్తే ఆమెకే ఇయ్యి," అన్నారు. గొంతులో ఏదో తమాషా వినిపించింది కానీ నేను పట్టించుకోలేదు.

మర్నాడు ఆయన ఊరికే అడిగినట్టు అడిగారు. "కొత్త మెయిల్ ఐడీ ఎట్ల తెరుస్తరమ్మా? మా మేనల్లుడు అడుగుతాండు."

చూపించాను.

కొత్త రచయిత

ఆ వారమే ఒక వ్యాసం వచ్చింది. పంపినవారు: జి. సాయిలు, యువ పరిశోధకుడు, రఘునాథపల్లి. విషయం: పల్లె చాయ్ హోటళ్లలో ప్రజాభిప్రాయం ఎలా తయారవుతుంది. మొదటి వాక్యం ఇలా ఉంది:

"అయినప్పటికీని, చాయ్ హోటల్ అనబడు ప్రజాక్షేత్రమునందు ప్రజాభిప్రాయము అనునది నిర్మితమగుచున్నదా లేక నిర్మింపబడుచున్నదా అను ప్రశ్న ప్రశ్నగానే మిగిలియున్నదని చెప్పక తప్పదు."

వ్యాసం మొదటి మాటే "అయినప్పటికీని". దేనికి అయినప్పటికీనో ముందు ఏమీ లేదు. ఇలా మొదలుపెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆయన పక్క గదిలో కూర్చుని ఫ్లాస్కులోంచి చక్కెర లేని చాయ్ తాగుతున్నారు.

పల్లెటూరి పేరు చూసి స్వరూప జాలి పడుతుందని రుజువు చేయడానికి, కావాలనే చెడగొట్టి రాశానని సార్ తర్వాత నాతో చెప్పారు. ఆయన మామూలుగా రాసేదానికీ కావాలని చెడగొట్టిన దానికీ తేడా నాకైతే కనిపించలేదు.

స్వరూపకు చెప్పలేదు. చెబితే భయంతో మెచ్చుకునేది, లేదా కోపంతో చింపి పారేసేది. రెండూ ఆమె పని కావు. సార్‌ను అడిగితే ఒట్టేసి కాదనేవారు. కాబట్టి నోరు మూసుకుని నా పని చూసుకున్నాను.

స్వరూప ఆ వ్యాసాన్ని రెండు రోజులు చదివింది. నిపుణులకు పంపింది. వాళ్ల మాటలొచ్చాక తన మాటలు కలిపి రచయితకు పంపింది. నాకు చూపించింది. ఒక్క చోట కూడా "పాపం" లేదు. "మొదటి వాక్యాన్ని ఊపిరి బిగబట్టి చదవాల్సి వచ్చింది. చాయ్ హోటల్ గురించి రాసిన వ్యాసంలో ఒక్క మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. చాయ్ కూడా లేదు. రచయిత ఎప్పుడైనా హోటల్లో కూర్చున్నారా? దయచేసి వెళ్లి, కూర్చుని, విని, మళ్లీ రాయండి."

మర్నాడు పొద్దున్నే నరహరి సార్ నా గదిలోకి వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది.

"ఆ రఘునాథపల్లి పిల్లగానికి గట్లనా రాసేది? కష్టపడి రాసుకున్నడు. రాత్రి నిద్ర గూడ పట్టి ఉండదు వానికి!"

"ఆ పిల్లగాడికి నిద్ర పట్టలేదని మీకెట్ల తెలుసు సార్?"

"ఊహించిన," అన్నారు. కొంచెం ఆగి, "చాయ్ లేదన్నదట. చాయ్ అందరికి తెలిసిందే గదా, రాసుడెందుకు?" అని గొణుగుతూ వెళ్లిపోయారు.

ఆయన ప్రయోగం నిజానికి అక్కడితో ముగియాలి. పల్లెటూరి పేరు చూసి ఆమె జాలి పడలేదు, తేలిపోయింది. కానీ రచయిత అన్నవాడికి దెబ్బ తగిలాక ప్రయోగం గుర్తుండదు. ఆయన మళ్లీ రాయడానికి కూర్చున్నారు.

ఎండాకాలంలో మంకీ క్యాప్

ఒక సాయంత్రం హన్మకొండ బస్టాండ్ దగ్గర కూరగాయలు కొంటున్నాను. ఎదురుగా ఒక చిన్న హోటల్. బయట బల్ల మీద ఒక మనిషి మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఎండాకాలం. రోడ్డు మీద తారు కరిగిపోతోంది. క్యాప్‌లోంచి చెమట ధారలు కారుతున్నాయి. కళ్లద్దాలు చూసి గుర్తుపట్టాను.

పక్క బల్లల మీద నలుగురైదుగురు చాయ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. నేను లోపలికి వెళ్లి మిర్చీలు కట్టించుకుంటుంటే హోటలాయన నాతో గుసగుసగా అన్నాడు.

"అక్కా, ఆయనెవలో తెల్వది. నిన్న వచ్చిండు, ఇయ్యాల వచ్చిండు. ఎవలు మాట్లాడితే వాళ్ల దిక్కు చూస్తాండు. రోడ్డు వెడల్పు చేస్తందుకు కొలతలకొచ్చిన సారట. గిరాకీ అంత సప్పుడు బంద్ చేసింది."

"అడగకపోయినవా?"

"అడిగిన. నేను మామూలు మనిషిని అన్నడు. మామూలు మనిషి ఎవడన్నా గట్లంటడా?"

అంతలో బల్ల మీది ముసలాయన ఒకరు ఉండబట్టలేక సార్ దగ్గరికి జరిగాడు. "సార్, మీరెవలైనా సరే గని, జర ఆ టోపీ తియ్యిన్రి. సూస్తాంటే మాకే ఉడుకపోతాంది," అన్నాడు. సార్ క్యాప్ తీశారు. తల మీంచి ఆవిరి వచ్చినంత పనైంది. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వారు. ఎవరో ఆయనకు ఇంకో చాయ్ చెప్పారు. చక్కెర వేసింది. ఒకసారి నవ్వాక ఇక ఆ బల్లకు అడ్డు లేదు. రింగు రోడ్డు నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ వచ్చాయి. నేను కనపడకుండా వెనక నుంచి జారుకున్నాను.

రెండోసారి వచ్చిన వ్యాసంలో ఆ హోటల్ ఉంది. కానీ మళ్లీ "అయినప్పటికీని" కూడా ఉంది. స్వరూప ఇంకోసారి తిప్పి పంపింది. ఆ దెబ్బకు సార్ కొంచెం చిక్కిపోయారు. మూడోసారి కూడా చిన్న చిన్న సవరణలకు వెనక్కి పోయింది. ఆ తర్వాత వచ్చిన రూపం చదివి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ముఖ్యంగా మూడో భాగం. కొలతల సారనుకుని హోటలంతా ఒక్కసారి మాట ఆపేయడం, భయం ఉన్నచోట జనం ఏం దాచుకుంటారో, నవ్వొచ్చాక ఏం బయటపెడతారో, అన్నీ తేటగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయన అంత బాగా రాయగా నేను చూడలేదు.

"మేడం, ఈ సాయిలు మామూలోడు కాదు," అంది స్వరూప. కళ్లు మెరుస్తున్నాయి. "ఒక్కరు గూడ చెప్పెటోళ్లు లేక మొదాలు అట్ల రాసిండు పాపం. చెప్పంగనే ఎట్ల మారిండో చూడున్రి. వచ్చే ఏడాది ఫెలోషిప్‌కు ఈయన పేరు పెడ్తాన. ఇంటర్వ్యూకు పిలుస్తాన."

నాకు పొలమారింది. ఇంటర్వ్యూ చేసే కమిటీకి అధ్యక్షులు నరహరి సార్.

ఇంటర్వ్యూ

ఆ రోజు ముగ్గురు అభ్యర్థులు వచ్చారు. సాయిలు రాలేదు. ఎలా వస్తాడు, అధ్యక్షుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు కదా.

"జ్వరమని మెయిల్ పెట్టిండట," అన్నారు సార్, ఆ మెయిల్ స్వరూప ఇంకా తెరవకముందే.

"జ్వరం కాదు సార్, భయం," అంది స్వరూప. "నా ఇంటర్వ్యూ నాడు నేను గూడ గేటు దాక వచ్చి మల్ల స్టేషన్‌కు పోయిన. ప్లాట్‌ఫారం మీద కూసుండి ఏడ్సి, మల్ల వచ్చిన. ఆ రోజు రైలు ముందుగాల వచ్చి ఉంటే ఎక్కి పోయేదాన్ని. మనమే ఊరికి పోయి చూద్దాం."

"ఊరికెందుకమ్మా? దొరకడు!"

"రఘునాథపల్లి ఎంత దూరం సార్, రోడ్డు మీదనే గదా."

ఆమెను ఆపడానికి సార్ చాలా చెప్పారు. ఎండ అన్నారు, పెట్రోలు అన్నారు. చివరికి ఆమె బస్సులో ఒక్కతే బయల్దేరబోతుంటే, వేరే దారి లేక "నేను గూడ వస్త, కారు తీస్త," అన్నారు. తన ప్రయోగాన్ని తానే కారులో ఎక్కించుకుని తీసుకుపోతున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు అద్దంలో చూశాను. నేను వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా కిటికీ బయటికే చూశాను. లోపలికి చూస్తే నవ్వు ఆగదు.

మోరీ

రఘునాథపల్లిలో హైవే పక్కన కారు ఆపి, కొబ్బరిబొండాలు అమ్మే ఆయనను స్వరూప అడిగింది. "ఇక్కడ సాయిలంటే ఎవలన్నా?"

"ఏ సాయిలు? పాల సాయిలా, పంక్చర్ సాయిలా, పాటల సాయిలా?"

"రాసే సాయిలు."

"రాసెటోడైతే పంక్చర్ సాయిలే. వాడు ఎప్పుడు ఏదో ఒకటి రాస్తనే ఉంటడు."

నరహరి సార్ నోరు తెరిచారు. ఆయన ఆ పేరు ఊరికే అనుకుని పెట్టారు. అలాంటి మనిషి నిజంగా ఉంటాడని ఆయన ఊహలో లేదు.

పంక్చర్ షాపు ముందు ఒక నడివయసు మనిషి లారీ ట్యూబును నీళ్లలో ముంచి చూస్తున్నాడు. స్వరూప కాస్త తడబడింది, వ్యాసం మీద యువ పరిశోధకుడని కదా ఉంది. అయినా నమస్తే పెట్టింది.

"సాయిలన్నా, హన్మకొండ నుంచి వచ్చినం. మాకు రాసింది నువ్వే గదా?"

సాయిలు ట్యూబు వదిలేసి లేచాడు. ముఖం వెలిగిపోయింది. "హన్మకొండ నుంచా! ఇన్నొద్దులకు వచ్చిన్రా! నేనే రాసిన. మూడుసార్లు రాసిన. మూడుసార్లు తిప్పి పంపిన్రు."

"తిప్పి పంపింది నేనేనన్నా."

"నువ్వేనా చెల్లె! ఏం తక్కువైందని తిప్పి పంపినవ్?"

"మొదటిసారి వాక్యాలు బాగ పొడుగైనయ్."

"నాలుగు లైన్లు రాసిన. అది గూడ పొడుగేనా?"

స్వరూప నవ్వింది. వినయంగా హాస్యమాడుతున్నాడనుకుంది. "ఆఖరిసారి మంచిగొచ్చింది. మాకందరికి నచ్చింది. అచ్చు వేస్తం."

"అచ్చేసుడు దేనికి? కట్టున్రి."

"ఏం కట్టాలె?"

"మోరీ! నేను రాసింది దాని గురించే గదా. వానొస్తే నీళ్లన్ని నా షాపులకే."

స్వరూప నా వైపు తిరిగి మెల్లగా అంది: "ఇంకో వ్యాసం గూడ రాస్తాండు కావచ్చు మేడం, మురికి కాలువల మీద." మళ్లీ ఆయన వైపు తిరిగింది. "అన్నా, నీకు ఫెలోషిప్ ఇద్దామనుకుంటానం. ఏడాది హన్మకొండల ఉండాలె."

"మోరీ ఈడ, నేను ఆడ ఉండి ఏం జేయాలె?" సాయిలుకు అనుమానం వచ్చింది. "కాంట్రాక్టరు ఏమన్నా చెప్పిండా?"

నరహరి సార్ అప్పటికి రెండుసార్లు దగ్గారు. "పోదాం పాండ్రి, ఎండ కొడ్తాంది," అన్నారు. స్వరూప వినలేదు. ఈ మనిషిలో భయం పోగొట్టాలని నిశ్చయించుకుంది.

"అన్నా, ఆ చాయ్ హోటల్ ముచ్చట రాసినవు చూడు, అందరు ఒక్కసారే సప్పుడు బంద్ చేసింది. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. అసొంటి రాత మా పత్రికల ఇప్పటిదాక రాలే. నీ అసొంటోళ్లు ఇంకెవలున్నరన్నా?"

సాయిలుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పొగడ్త పొగడ్తే. భుజం మీది తువ్వాల సర్దుకుని, తల కొంచెం వంచి, "ఏదో చెల్లె, మనకు తెలిసింది మనం రాస్తం," అన్నాడు.

"వాడు రాయలే!"

రోడ్డు మీద పోయే వాళ్లు కూడా ఆగి చూశారు. నరహరి సార్ వేలు గుండెల మీద పెట్టుకుని నిలబడ్డారు. "నేను రాసిన! ఆ హోటల్ల కూసున్నది నేను! ఆ టోపీ నాది! ఆ చెమట నాది!"

ట్యూబులోంచి గాలి బుడగలు వస్తున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

సాయిలే మొదట తేరుకున్నాడు. మర్యాదగా అడిగాడు. "సార్, మోరీ గురించి మీరు గూడ రాసిన్రా?"

తిరుగు దారి

కారులో స్వరూప కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు నవ్వు పోయింది. సార్ రోడ్డు మాత్రమే చూస్తున్నారు. కొంత దూరం పోయాక ఆమె మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"సార్, ఒకటి అడుగుతా. బోర్డుల ఉన్నోళ్లు చేరినప్పుడు వాళ్లకు గూడ దొంగ పేరుతోని రాసి పంపిన్రా?"

"లేదమ్మా."

"మరి నాకెందుకు?"

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక సార్, "తప్పే," అన్నారు. ఆయన నోటి నుంచి వచ్చిన అతి చిన్న వాక్యం అదే. అక్కడ ఆపితే బాగుండేది. ఆపలేదు. "కాని నువ్వు పాసైనవ్ గదా," అన్నారు.

"నేను పరీక్ష రాయలే సార్," అంది స్వరూప. "నేను పని చేసిన."

ఆమె వరంగల్ స్టేషన్ దగ్గర దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు ఆఫీసుకు వస్తుందో రాదో నాకు తెలియలేదు. మూడు నెలలుగా నేను నవ్వుకున్నది ఆమెకు ఎలా తగిలిందో అప్పుడు తెలిసింది. మర్నాడు ఆమె మామూలు రైలుకే వచ్చింది. సంగతంతా నాకు ముందే తెలుసని గ్రహించి, నాతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. అది సబబే.

వారం తర్వాత కమిటీ కూర్చుంది. ఫెలోషిప్ ఆపేద్దామని సార్ అంతకుముందే అల్లుళ్లకు చెప్పి ఉంచారు. వాళ్లు తలలు ఊపడానికి సిద్ధంగా వచ్చారు. సార్ లేచి మొదటి నుంచి మొత్తం చెప్పారు. మేనల్లుడి మెయిల్, మంకీ క్యాప్, మోరీ, ఏదీ దాచలేదు. పెద్ద అల్లుడికి నవ్వి నవ్వి చాయ్ ముక్కులోకి పోయింది. ఆయన తేరుకున్నాక అడిగాడు.

"అయితే ఏమంటరు సార్? ఆపుదామా?"

"ఆపుడు కాదు," అన్నారు సార్. "నా రాతల ఏం లోపమున్నదో ఇన్నేళ్ల సంది మీలో ఒక్కరు చెప్పలే. అల్లుళ్లు మామను ఏమంటరు? ఆమె చెప్పింది. వచ్చే ఫెలోలకు మొదటి రోజు నుంచే వ్యాసాలియ్యాలె. అవునంటే అవును, కాదంటే కాదు, వాళ్లదే ఆఖరి మాట. బోర్డుల ఓటు గూడ ఇయ్యాలె. ఇగ శాలువలు బంద్."

అలాగే తీర్మానం చేశారు. స్వరూపకు ఇంకో ఏడాది పొడిగించారు. ఆమెతోపాటు కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ చేసే ఆయన కొడుకు ఒకరు కొత్తగా చేరారు. ఆ పిల్లవాడి టేబుల్ మీద మొదటి రోజే నాలుగు వ్యాసాలు పెట్టాం. సాయంత్రానికి "మేడం, జర ఊపిరి తీసుకోనియ్యిన్రి," అన్నాడు. పంక్చర్ సాయిలు కోసం సార్ స్వయంగా రోడ్ల ఆఫీసుకు ఒక దరఖాస్తు రాసి పంపారు. అర్థం కాలేదని అది తిరిగొచ్చింది. స్వరూప దిద్ది పంపాక మోరీ కట్టారు.

మిగిలింది వ్యాసం. సార్‌కు లోపల ఆశ ఉంది. తీర్మానం తన చేత్తోనే రాశారు కదా, వేసుకుంటారేమో అని. స్వరూప వేసుకోలేదు. ప్రధాన సంపాదకులు మారుపేరుతో తన పత్రికకే వ్యాసం పంపడం నిబంధనలకు విరుద్ధం, కాబట్టి తిరస్కరిస్తున్నాం అని రాసింది. చివర ఒక వాక్యం చేర్చింది: "మీకు మనుషులను చూసే కన్ను ఉంది, రాయడం ఆపకండి."

ఆ మధ్యాహ్నం సార్ నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తీసి ఆ చివరి వాక్యం నాకు చూపించారు.

"వసుంధరమ్మా, ఇది అందరికి గిట్లనే రాస్తదా, నాకొక్కనికే రాసిందా?"

నా సర్వీసంతా ఎందరో రచయితలు ఫోన్ చేసి నన్ను ఇదే ప్రశ్న అడిగారు. కుర్చీ అంచున కూర్చున్నట్టుండే ఆ గొంతు నాకు బాగా తెలుసు. దాన్ని మా ప్రధాన సంపాదకుల నోట వినడం అదే మొదలు.

"పక్క గదిలోనే ఉంది కదా సార్. ఆమెనే అడగండి," అన్నాను.

సార్ తలుపు వైపు చూశారు. ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"అడుగుదామంటే భయమైతాందమ్మా," అన్నారు.